మా వాకిట్లో మస్కట్ గడ్డి

పోయిన ఆదివారం నాన్న అమలాపురంలో మా ఇంటికి వచ్చారు. మనవరాలి కోసం తెచ్చిన లేత బొండాలు గుమ్మం పక్కన పెట్టి, నన్ను పలకరించకుండానే తిన్నగా ఇంటి ముందున్న లాన్‌లోకి దిగారు. అందులో నాలుగైదు చోట్ల గడ్డి పళ్ళెమంత మేర పసుపు రంగుకి తిరిగింది. నాన్న చెప్పు విడిచి, అలాంటి ఒక చోట మడమతో నేలని గట్టిగా నొక్కారు. మడమ చుట్టూ నీళ్ళు ఊరాయి.

"రోజుకి ఎన్నిసార్లు పెడతన్నావమ్మా నీళ్ళు?"

"రెండుసార్లు," అన్నాను. నిజానికి మూడు. పాపకి పదో నెల వచ్చి పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ గడ్డి నాకు ఇంకో పసిబిడ్డ అయింది. అది మెత్తగా ఉండాలి, పాప మోకాళ్ళు గీరుకోకూడదు, చీమలు ఉండకూడదు, మందులు కొట్టకూడదు. ఇన్ని కోరికలకీ నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, నీళ్ళు పెట్టడం. పాప విషయంలోనూ అంతే. ఏడిస్తే పాలు, ఏడవకపోతే ఎందుకు ఏడవలేదా అని పాలు.

"ఎవరు నేర్పేరే నీకిలా పెట్టడం?" అని, ఆయనే నవ్వేసి, "నేనేలే," అన్నారు.

ఆ రెండు ముక్కలూ నన్ను అప్పటి నుంచి వదలడం లేదు. పాప నిద్రపోయింది కాబట్టి, అది మళ్ళీ లేచేలోగా ఆ గడ్డి కథ రాసుకుందామని కూర్చున్నాను.

నా చిన్నప్పుడు మేము పి.గన్నవరానికి దగ్గర్లో, కాలవ గట్టు మీద ఉండే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను. మామ్మ అంటే నాన్నకి అమ్మ. నాన్న మస్కట్‌లో ఉండేవారు. "కంపెనీలో చేస్తారండి," అని అమ్మ అందరికీ చెప్పేది. ఏం కంపెనీ అని ఎవరూ అడిగేవారు కాదు. ఆ రోజుల్లో మా వీధిలో సగం ఇళ్ళకి మగవాళ్ళు ఉత్తరాల్లోనూ ఫోన్లలోనూ ఉండేవారు. రెండేళ్ళకోసారి వచ్చినప్పుడు పెట్టె తెరిస్తే ఇల్లంతా ఒక కొత్త సబ్బు వాసన వేసేది. ఆ వాసన పోయేలోపల ఆయన మళ్ళీ వెళ్ళిపోయేవారు. నాకు నాన్న అంటే చాలాకాలం ఆ వాసనే.

మా ఇంట్లో పొద్దు మామ్మ చీపురుతో మొదలయ్యేది. వెలుతురు రాకముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కళ్ళాపి జల్లి, ముగ్గు పెట్టి, అప్పుడు వేణ్ణీళ్ళ పొయ్యిలో కొబ్బరి డొక్కలు ఎగదోసేది. ఆ పొగ కళ్ళకి మంటగా, ముక్కుకి కమ్మగా ఉండేది. వాకిలి అద్దంలా ఉండాలి ఆవిడకి. గడ్డిపోచ కనిపిస్తే వంగి పీకేసేది. ఎవరింటికైనా పేరంటానికి వెళ్తే మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళ వాకిట్లోది కూడా పీకేసేది. గడ్డి పెరిగిన వాకిలి అంటే పట్టించుకునే మనిషి లేని ఇల్లని ఆవిడ లెక్క. గడ్డిలో పురుగూ పుట్రా చేరతాయని ఇంకో భయం.

అలాంటి ఇంటికి, మామిడికాయలు కోసే రోజుల్లో వచ్చిన నాన్న, వాకిట్లో గడ్డి వేస్తానన్నారు.

అప్పుడే తెలిసింది ఆయన చేసేది కంపెనీలో కాదని. ఒక పెద్దింట్లో తోటమాలిగా పన్నెండేళ్ళు చేశారు. ఇసకలో గడ్డి పెంచి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టి, మఖమల్ గుడ్డలా కత్తిరించి ఉంచడం ఆయన పని. ఆ మాట చెప్పేటప్పుడు నాన్న తల వంచుకున్నారు. వరి పండించే ఇంట్లో పుట్టి, సముద్రం దాటి గడ్డికి నీళ్ళు పెట్టడమా అని ఎవరైనా అంటారని ఆయన సిగ్గు. కానీ వచ్చిన వారానికే పెరటి అరుగు మీద అమ్మతో అంటుంటే విన్నాను. "ఈసారి వెళ్ళబుద్ధి కావట్లేదే. ఇక్కడ కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ ముందు లాను కావాలంట. ఆ పని నాకొచ్చు. కానీ చూపించకుండా నమ్ముతారా? మనింటి ముందు వేసి చూపిస్తాను. బాగా వస్తే ఉండిపోతాను."

"రాకపోతేనో?" అంది అమ్మ.

"ఆరు నెలలు దాటితే అక్కడి వీసా పోద్ది. అప్పటికి తేలకపోతే ఎక్కేస్తాను."

తలుపు చాటున నిలబడ్డ నాకు తొమ్మిదేళ్ళు. నాకు అందులో అర్థమైంది ఒక్కటే. గడ్డి బతికితే నాన్న ఉంటారు. గడ్డి చస్తే నాన్న వెళ్ళిపోతారు.

మామ్మని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి ఆవిడ వాకిలి మధ్యన చీపురు పుల్లతో గీత గీసింది. "ఇటు నా ముగ్గు. అటు నీ గడ్డి. గీత దాటి ఒక్క పోచ వచ్చిందా, పీకేస్తాను." నాన్న కడియం నర్సరీ నుంచి గడ్డిని చాపల్లా చుట్టించి మినీ వ్యానులో తెచ్చారు. అవి పరుస్తుంటే వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఎదురింటి సత్తెమ్మత్త నోటి మీద చెయ్యేసుకుంది.

"గడ్డి కొనుక్కొచ్చేరా తమ్ముడూ? మా గట్టు మీద కావలసినంత ఉంది, ఊరికే ఇచ్చేదాన్ని గదా!"

"ఇది వేరండీ అక్కా."

"వేరే? మా గేదెకి ఓ మోపు రుచి చూపించు మరి. అది చెప్పుద్ది ఎంత వేరో."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఎండాకాలం అంతా ఆ గడ్డి నిగనిగలాడింది. నాన్న మస్కట్‌లో ఎలా చేసేవారో ఇక్కడా అలాగే చేశారు. తెల్లవారుజామున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి పైపుతో నీళ్ళు. వారానికోసారి పెద్ద కత్తెరతో నేలకంటా కత్తిరింపు. నెలకో గుప్పెడు యూరియా. నేను బడి నుంచి రాగానే సంచి గిరాటేసి అందులో దొర్లేదాన్ని. రాజోలు రోడ్డులో కొత్త ఇల్లు కట్టిస్తున్న రైసుమిల్లు యజమాని ఒకరు ఉండేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని మిల్లుగారు అనే పిలిచేవారు. ఆయన ఒకరోజు వచ్చి గట్టున నిలబడి చూశారు.

"బానే ఉందండి. కానీ ఇది ఎండాకాలం పచ్చదనం. మన దేశంలో ఏదైనా ఎండకి చావదు, తడికి చస్తాది. వానలు పడనివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం."

"ఆయ్, అలాగేనండి," అన్నారు నాన్న. మిల్లుగారు ఒప్పుకుంటే ఆయన వెనక పదిమంది ఒప్పుకుంటారని అమ్మకీ నాకూ తెలుసు.

వానలు వచ్చాయి. మా కోనసీమలో వాన కంటే వాన వెలిశాక పట్టే ఉక్క ఎక్కువ. ఆరేసిన బట్ట మూడు రోజులైనా ఆరదు, గోడకి చేరబడితే వీపు తడుస్తుంది. మామ్మ రోజూ డొక్కలు పొయ్యి పక్కన పేర్చి ఆరబెట్టేది. నాన్న మాత్రం ఒక పూట వాన పడకపోతే ఆ పూట పైపు పట్టుకునేవారు. పన్నెండేళ్ళ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. ఒకరోజు పొద్దున్న గడ్డిలో గుండ్రంగా, తామర మచ్చలా, గోధుమ రంగు మచ్చ కనిపించింది. మర్నాటికి మూడు. వారానికి నేను లెక్కపెట్టడం మానేశాను. వంగి చూస్తే గడ్డి మొదట్లో బూజులా తెల్లగా ఉండేది. డొక్కలు నానేసిన గుంట దగ్గర వచ్చే కుళ్ళు వాసన మా వాకిట్లోనే రావడం మొదలైంది. నాన్న ఇంకాస్త యూరియా వేశారు, ఇంకాస్త పొట్టిగా కత్తిరించారు. మచ్చలు ఇంకాస్త పెరిగాయి. ఆయన మాట తగ్గిపోయింది. అన్నం కలుపుకుని తినకుండా కూర్చునేవారు.

అప్పుడు నేనొక పని చేశాను. మా గేదె బక్కచిక్కినప్పుడల్లా మామ్మ బియ్యం కడుగూ గంజీ తవుడూ కలిపిన కుడితి ఎక్కువ పోసేది. పది రోజుల్లో అది నున్నగా తేలేది. గేదెకి పనిచేసింది గడ్డికి పనిచేయదా అనుకున్నాను. రోజూ సాయంత్రం నాన్న కాలవ వైపు నడవడానికి వెళ్ళగానే, కుడితి గోలెంలోంచి రెండు చెంబులు ముంచి, పెద్ద మచ్చల మీద పోసేదాన్ని. పోస్తూ, బతుకు బతుకు అని బతిమాలుకునేదాన్ని. ఆ మచ్చలు మిగతా వాటికంటే తొందరగా నల్లబడి జిగురుకట్టాయి. సరిపోలేదేమోనని మూడో చెంబు మొదలుపెట్టాను.

మామ్మకి గేదె పాలు తగ్గాయి. ఆవిడ గోలెం దగ్గర కాపు కాసింది.

"ఏవే అమ్మడూ, నా గేదె కుడితి నువ్వు తాగుతున్నావేంటే?"

చేతిలో చెంబుతో దొరికిపోయాను. ఏడుస్తూ అంతా చెప్పాను. గడ్డి చచ్చిపోతే నాన్న వెళ్ళిపోతారనీ, అరుగు మీద విన్నాననీ, అందుకే పోస్తున్నాననీ. తిడుతుందనుకున్న మామ్మ చెంబు నా చేతిలోంచి తీసుకుని గోలెం మీద బోర్లించింది. నా ముక్కు తన కొంగుతో తుడిచింది. ఆవిడకి ఆ సంగతి అప్పటివరకూ తెలియదు. నాన్న వెళ్ళడం, రావడం ఎప్పుడూ ఉండేవే కాబట్టి, ఈ గడ్డి ఏదో సరదా అనుకుంది.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వాకిట్లో ముగ్గు లేదు. మామ్మ చీర ఎగదోపి, పార పట్టుకుని, నాన్న లాను మధ్యలోంచి వీధి కాలవ దాకా జానెడు వెడల్పున బోదె తవ్వుతోంది. కొబ్బరి తోటల్లో వరసల మధ్య నీళ్ళు పోవడానికి తీస్తారే, అలాంటి బోదె. నాన్న పళ్ళు తోముకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా! ఏం చేస్తున్నావు? అది లాను!"

"కనపడతంది. లానైతే దానికి ఊపిరి అక్కర్లేదా?"

"పన్నెండేళ్ళు పెంచేనమ్మా నేను. నాకు తెలీదా?"

"అక్కడ వాన పడిందేట్రా ఎప్పుడైనా?"

నాన్న నోట్లో నురగతో ఆలోచించారు. "పన్నెండేళ్ళలో ఓ అయిదారు సార్లు పడుంటది."

"ఇక్కడ వారంలో అన్నిసార్లు పడతంది. ఇసక నేల తాగేస్తాది, మన రేగడి తాగదు, కక్కుద్ది. నారుమడి ఆరగట్టడం మర్చిపోయేవా? రైతు కొడుకువేనా నువ్వు?"

ఆరగట్టడం అంటే, మడిలో నీళ్ళన్నీ తీసేసి, నేల మీద వెంట్రుక వాసి బీటలు పడేదాకా ఊరుకోవడం. వేళ్ళు నీళ్ళ కోసం కిందికి దిగుతాయి, అప్పుడు మళ్ళీ తడుపుతారు. వరి వేసే ప్రతి ఇంట్లోనూ పిల్లలకి కూడా తెలిసిన పని. నాన్నకీ తెలుసు. కానీ ఆయన దాన్ని వరి మడి దగ్గరే వదిలి విమానం ఎక్కారు. పన్నెండేళ్ళు వేరే నేల మీద నేర్చుకున్నది తెచ్చి ఈ నేల మీద పరిచారు. ఆయన పార కోసం చెయ్యి చాపారు. మామ్మ ఇవ్వలేదు. నాన్నే లోపలికెళ్ళి ఇంకో పార తెచ్చుకుని రెండో బోదె మొదలుపెట్టారు.

కుళ్ళిన చోట్లన్నీ తవ్వి తీసేస్తే లానులో సగం పోయింది. దానిలో గోదావరి ఇసక పోయించి కలిపారు. ఖాళీల్లో ఏం వెయ్యాలన్నది ప్రశ్న. మళ్ళీ కడియం వెళ్తానన్నారు నాన్న. మామ్మ చేను గట్టుకి వెళ్ళి బుట్టెడు గరిక తవ్వుకొచ్చింది. జీవితమంతా కొంకి కత్తితో, చేత్తో, తిట్లతో పెరికిన గరిక. నాన్న ఒక తీగ తీసి వేలికి చుట్టుకుని చూసి, పెద్దగా నవ్వారు. "అక్కడ సంచులకి సంచులు విత్తనం తెప్పించి జల్లేది దీన్నేనమ్మా!"

నాట్లకి వచ్చే మంగమ్మనీ, ఆవిడ తోడి ఇద్దరినీ పిలిచారు. వాళ్ళు వరి నాటినట్టే వరస కట్టి, వెనక్కి నడుస్తూ, బెత్తెడు ఎడంలో గరిక గుచ్చారు. మామ్మ కూడా చీర ఎగ్గట్టి వరసలోకి దిగింది.

"ఏవండీ, ఇన్నాళ్ళూ గరిక పీకడానికి పిలిచేరు, ఇప్పుడు నాటడానికి పిలిచేరు. రేపు తుంగ కూడా నాటమంటారేంటండీ?" అంది మంగమ్మ.

"నువ్వు నోరు మూసుకుని నాటు. నీకంటే ముందు నా వరస అయిపోతంది," అంది మామ్మ.

తరవాత నా పని అన్నిటికంటే కష్టమైనది. ఏమీ చేయకుండా ఉండడం. నీళ్ళు పెట్టకూడదు, తొక్కకూడదు, కుడితి గోలెం వైపు చూడకూడదు. గరిక మొదట వాలిపోయి ఎండుగడ్డిలా పడుకుంది. నేను బడికి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చూసేదాన్ని. ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో కణుపుల దగ్గర సూది మొనంత పచ్చ కనిపించింది. పిలిచి చూపిస్తే మామ్మ, "చూసేంలే, అరవకు, దానికి దిష్టి తగులుద్ది," అంది. పెరిగాక కూడా కొసలు మాత్రమే తుంచాలని నాన్నకి షరతు పెట్టింది. పొట్టిగా కోస్తే ఈ ఉక్కకి మొదలు ఉడికిపోతుందంది. నాన్న ఆయ్ అన్నారు. పెద్దమనుషుల ముందు మర్యాదకి అనే ఆ మాట కొడుకు తల్లితో అనడం నేను అదే మొదటిసారి వినడం.

కానీ ఆరు నెలలు దగ్గర పడ్డాయి. టికెట్టు ఏజెంటు దగ్గరుందని నాన్న అన్నారు. అమ్మ సంచి సర్దడం మొదలుపెట్టింది. ఆవకాయ జాడీ మూతకి మైనం పెట్టి, గుడ్డ కట్టి, దాని మీద ఇంకో సంచి కట్టింది. వడియాలు, కారప్పొడి, కొబ్బరి నూనె. ప్రయాణం ఎల్లుండి అనగా గంటసేపు కుండపోత కురిసింది. వాన ఇంకా పూర్తిగా వెలవకముందే మిల్లుగారు గొడుగు వేసుకుని వచ్చారు. ఇలాంటి వాన కోసమే చూస్తున్నానన్నారు. బోదెల్లో నీళ్ళు బిరబిరా వీధి కాలవలోకి పోతున్నాయి. ఆయన చెప్పులు విడిచి, ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, గుమ్మం మెట్టు మీద కూర్చుని రెండు అరికాళ్ళూ తిప్పి చూసుకున్నారు.

"బురద అంటలేదండీ," అన్నారు. ఇంకొంచెం సేపు చూసుకుని, "ఎల్లుండి వచ్చి మా వాకిలి కొలవండి," అన్నారు.

"ఎల్లుండి..." అని నాన్న ఆగారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఆయ్. వస్తానండి."

ఆ ఎల్లుండి నాడు నాన్న టేపు పట్టుకుని రాజోలు వైపు సైకిల్ మీద వెళ్ళారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి అమ్మ జాడీ మూత మీది మైనం కత్తితో గీకి తీసి, ఆ ఆవకాయ మాకందరికీ వడ్డించింది. వెళ్ళడం లేదా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. నాన్న రెండోసారి వేయించుకున్నారు.

ఆ తరవాత కొత్తపేట నుంచి అంతర్వేది దాకా నాన్న ఎన్ని ఇళ్ళ ముందు గడ్డి వేశారో లెక్కలేదు. మామ్మ ఇప్పుడు లేదు. మా ఊరి వాకిట్లో ఆవిడ గీత అయితే ఏనాడో చెరిగిపోయింది. గరిక ఆవిడ సగం కూడా ఆక్రమించుకుంటే ఆవిడే ముగ్గుని అరుగు మీదికి మార్చుకుంది. ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది. గడ్డికి పట్టే ప్రతి తెగులు బొమ్మా అందులో ఉంది, పది నెలల పాపకి రాగల ప్రతి జబ్బూ అందులోనే ఉంది. అప్పట్లో మా ఇంట్లో ఇన్ని సంగతులు తెలిసినవాళ్ళు లేరు. భయం కూడా ఇంత లేదేమో అనుకునేదాన్ని.

పోయిన ఆదివారం, బొండాం కొట్టి ఇస్తున్న నాన్నని, ఇరవై ఏళ్ళకి పైగా అడగనిది అడిగాను. "అప్పుడు గడ్డి బతక్కపోతే నిజంగా వెళ్ళిపోయేవారా?"

"ఎక్కడికమ్మా? గరిక నాటిన రోజు సాయంత్రమే పి.గన్నవరం వెళ్ళి మస్కట్‌కి ఫోన్ చేసి చెప్పేసేను, ఇంక రానని."

"మరి టికెట్టో? అమ్మ సంచి సర్దుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"టికెట్టూ లేదు, ఏమీ లేదు. ఏం చెప్పమంటావు? ఆ వయసులో మా అమ్మ నడుం వంచి నా కోసం గడ్డి నాటుతుంటే చూసి, మనసాగక ఫోన్ చేసేసేను. చేసేక భయమేసింది. మానేసేనని చెబితే, మరేం చేస్తారని మీ అమ్మ అడుగుద్ది. దానికి నా దగ్గరున్న జవాబు ఆ గరికే. అదింకా మొలవలేదు." కొట్టిన బొండాం నా చేతికిచ్చి అన్నారు. "ఆ నెలంతా నాకు నిద్ర లేదమ్మా. పొద్దున్నే లేచి చూద్దామంటే, నీకంటే ముందు లేవాల్సొచ్చేది."

ఆయన వెళ్ళిపోతారేమోనని నేనూ, వెళ్ళడానికి దారి మిగల్లేదని ఆయనా, ఒకే గడ్డిని చూస్తూ బతికామన్నమాట. ఒకరికొకరం చెప్పుకోలేదు. గడ్డి తన తీరిక చూసుకుని మొలిచింది.

నాన్న మా లానులో రెండు బోదెలు గీసి, మూడు రోజులు నీళ్ళ వైపు వెళ్ళొద్దని చెప్పి వెళ్ళారు. మూడు కాస్తా ఆరయ్యాయి, నేల ఇప్పుడిప్పుడే బిగుసుకుంటోంది. ఈ పొద్దున్న పాపని చాప మీద కూర్చోబెట్టి, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి, అది చాప దాటి పాకి, గడ్డిలో కూర్చుని, రెండు చేతులా పిడికిళ్ళతో పీకుతోంది. నేను గుమ్మం దిగబోయి, మెట్టు మీద కూర్చున్నాను. పీకనిచ్చాను.